ఎదుటివారి మాట చెవిన పడుతోందా?

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వక్తృత్వ పోటీల్లో చిన్నప్పటి నుంచీ బహుమతులు వస్తున్నాయి. ఆ ధైర్యంతోనే ఈ మధ్య చర్చా పోటీకి పేరిచ్చాను. ‘పరీక్షల్లో పుస్తకం చూసి రాయనివ్వాలి’ అన్నది అంశం. నాది వ్యతిరేక పక్షం. నాలుగు నిమిషాల ప్రసంగం రాసుకుని పూర్తిగా కంఠస్థం చేశాను. అవతలి అమ్మాయి నాకంటే ముందు మాట్లాడింది. ‘ఉద్యోగంలో ఎవరూ జ్ఞాపకం మీద పని చేయరు, అవసరమైతే చూసుకుని చేస్తారు. మరి పరీక్షలో చూస్తే తప్పేమిటి?’ అని అడిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా వంతు వచ్చేసరికి గొంతు వణికింది, నోరు ఎండిపోయింది, ఒక్క ఆలోచనా రాలేదు. తెచ్చుకున్న ప్రసంగాన్నే అప్పజెప్పి వచ్చి కూర్చున్నాను. ‘చక్కగా మాట్లాడావు కానీ ఎవరికీ జవాబు చెప్పలేదమ్మా’ అన్నారు న్యాయనిర్ణేత. మూడు వారాల్లో ఇంకో పోటీ ఉంది. ఇద్దరి జట్టులో నన్ను తీసుకున్నారు. మొదటి వక్తగా ఉంటావా, రెండో వక్తగా ఉంటావా అని అడుగుతున్నారు. నా గొంతు కూడా చిన్నది. అసలు ఇది నాకు సరిపడే విద్యేనా? ఇప్పుడే మానుకోవడం మంచిదా?
– ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను నవ్వించిన సంగతి ఒకటి ముందు చెప్పేస్తాను, ఏమీ అనుకోకండి. పుస్తకం చూడకుండా, తలలో ఉన్నదానితోనే పరీక్ష రాయాలని వాదించాల్సిన పక్షం మీది. ఆ వాదనను పొల్లుపోకుండా తలలో పెట్టుకుని వెళ్లారు. తీరా అవసరపడిన క్షణంలో అది అక్కరకు రాలేదు. ఈ సంగతి తెలిసి ఉంటే మీ ప్రత్యర్థి ఇంకో రెండు మార్కులు సంపాదించుకునేది.

ఇక అసలు విషయం. గొంతు వణికిందని, నోరు ఎండిందని, ఆలోచన రాలేదని వివరంగా రాశారు. న్యాయనిర్ణేత అన్న మాటను మాత్రం ఒక మందలింపులా చెప్పి ముందుకు వెళ్లిపోయారు. ఉత్తరం మొత్తంలో మీకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చే మాట అదే. ఆయన మీ గొంతును తప్పు పట్టలేదు, మీ భాషను తప్పు పట్టలేదు. జవాబు చెప్పలేదన్నారు, అంతే.

ఈ లోపాన్ని మన తర్కశాస్త్రం ఏనాడో గుర్తించింది. గౌతమ మహర్షి రాసిన తర్కగ్రంథం న్యాయసూత్రాల చివరి అధ్యాయంలో 22 నిగ్రహస్థానాలు ఉన్నాయి. వాదంలో దిగిన మనిషి ఏయే సందర్భాల్లో ఓడినట్టు లెక్కో చెప్పే పట్టిక అది. అందులో వరసగా వచ్చే నాలుగింటిని మీరు చూడాలి. మొదటిది అననుభాషణం: ప్రత్యర్థి మూడుసార్లు చెప్పినా, సభకంతా అర్థమైనా, ఆ మాటను తిరిగి చెప్పకపోవడం. రెండోది అజ్ఞానం: ఆ మాట అర్థం కాకపోవడం. మూడోది అప్రతిభ: జవాబు తోచకపోవడం. మీరు భయపడుతున్నది మూడోదానికి. ఓడిపోయింది మొదటిదాని దగ్గర. ప్రత్యర్థి ఏమందో మీరు నాకు ఉత్తరంలో రెండు వాక్యాల్లో చక్కగా రాశారు. ఆ రెండు వాక్యాలనే వేదిక మీద చెప్పి ఉంటే సగం జవాబు అక్కడే మొదలయ్యేది.

నాలుగోది విక్షేపం. ‘నాకు వేరే పని ఉంది’ అంటూ చర్చను మధ్యలో వదిలి వెళ్లిపోవడం. మానుకోవడం మంచిదా అని అడిగారు కదా, ఆ పెద్దలు దాన్ని కూడా పట్టికలోనే రాసి పెట్టారు. కాబట్టి ఆ ప్రశ్నను ఇక్కడితో వదిలేద్దాం.

అవతలి అమ్మాయి మాట్లాడుతున్నంతసేపూ మీరేం చేస్తున్నారో ఉత్తరంలో లేదు. ఊహించడం కష్టం కాదు. పెదవులు కదలకుండా మీ మొదటి వాక్యాన్ని వల్లె వేసుకుంటున్నారు. మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేది ఏ మూడు నాలుగు విషయాలనో. ఆ జాగా అంతా నాలుగు నిమిషాల సొంత ప్రసంగంతో నింపేసుకుంటే ఎదుటివారి మాటకు చోటెక్కడిది? బుర్రలో ఏమీ లేకపోవడం వల్ల మీరు ఆగిపోలేదు. అందులో ఖాళీ లేకపోవడం వల్ల ఆగిపోయారు.

కంఠస్థాన్ని నమ్ముకుని దెబ్బతిన్నవాళ్లలో మీరు మొదటివారు కారు. విన్‌స్టన్ చర్చిల్ యువకుడిగా ఉన్న రోజుల్లో ప్రసంగాలను బట్టీ పట్టి చెప్పేవాడు. 1904 ఏప్రిల్‌లో బ్రిటిష్ కామన్స్ సభలో కార్మిక సంఘాల బిల్లు మీద మాట్లాడుతూ ఉన్నట్టుండి తర్వాతి వాక్యం మరచిపోయాడు. ఎంత వెతుక్కున్నా దొరకలేదు. సభ చూస్తుండగా కూర్చుండిపోయాడు. ఆ తర్వాత చేతిలో కాగితాలు లేకుండా పెద్ద ప్రసంగానికి లేవలేదు. వాక్యాలను పద్యపాదాల్లా విరిచి, ఎక్కడ ఆగాలో కంటికి కనిపించేలా రాయించుకునేవాడు. అంతటి వక్త కాగితం చూడగా లేనిది, మీరు చూస్తే చిన్నతనమేమీ కాదు. ప్రపంచ విశ్వవిద్యాలయాల చర్చా పోటీలని 1981 నుంచి జరుగుతున్నాయి. అక్కడ అంశం ప్రకటించాక సిద్ధమవడానికి ఇచ్చే సమయం 15 నిమిషాలు, మాట్లాడాల్సింది 7 నిమిషాలు. ఆ ఏడింటిలో మొదటి నిమిషం, చివరి నిమిషం పోగా మిగిలిన అయిదు నిమిషాల్లో ప్రత్యర్థులు ఎప్పుడైనా లేచి ప్రశ్న వేయవచ్చు. బట్టీ పట్టే వీలు అక్కడ ఎవరికీ ఉండదు. వాళ్లు సాధన చేసేది వినడం, రాసుకోవడం, అప్పటికప్పుడు వాదన అల్లుకోవడం.

రాసుకోవడం అన్నానని అవతలివారు అన్న ప్రతి మాటనూ ఎక్కించుకోకండి. అలా రాసేవాళ్లు కాగితం నింపుతారు, విషయం వదిలేస్తారు. తెల్ల కాగితానికి నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు వాళ్ల మాట, రెండు మూడు పదాల్లో. కుడివైపు ఖాళీ. మీ ప్రత్యర్థి వాదన నా కాగితం మీద ఇలా ఉండేది: ‘ఉద్యోగం – చూసి చేస్తారు – పరీక్షలోనూ??’. రెండు ప్రశ్నార్థకాలు ఎందుకంటే ఆమె వాదన దూకింది అక్కడ. ఉద్యోగం గురించి మొదలుపెట్టి పరీక్షలోకి వచ్చింది. ఆ రెండూ ఒకటేనని ఎక్కడా నిరూపించలేదు, ఒకటే అన్నట్టు మాట్లాడింది. చప్పట్లు కొట్టినవాళ్లు అలా దూకడాన్ని గమనించలేదు. మీరు గమనించి ఉంటే ఆ చప్పట్లు మీకు పనికొచ్చేవి. సభ మొత్తానికి గుర్తుండిపోయిన మాటకు జవాబు చెప్పేవాళ్ల మీదే కదా అందరి చూపూ ఉంటుంది.

ఇప్పుడు ఆ మాటకు జవాబు అల్లి చూద్దాం. నాలుగు మెట్లు చాలు: వాళ్లు ఏమన్నారు, మేమేమంటాం, ఎందుకంటాం, దానివల్ల ఏం తేలుతుంది. వరుసగా పెడితే ఇలా వస్తుంది:

‘ఉద్యోగంలో అందరూ చూసుకునే పని చేస్తారు కాబట్టి పరీక్షలోనూ చూడనివ్వాలని నా ముందు వక్త అన్నారు. చూసుకుని చేసే పనులు చాలా ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ ఎక్కడ చూడాలో తెలియాలంటే ముందు కొంత తెలిసి ఉండాలి. విమానం నడిపేవాళ్ల దగ్గర ప్రతి పనికీ రాసిన పట్టిక ఉంటుంది. అయినా కొన్ని ప్రమాద సందర్భాల్లో మొదట చేయాల్సినవి కంఠతా వచ్చి ఉండాలని వాళ్లకు నేర్పుతారు. అవి చేశాకే పట్టిక తెరుస్తారు. పరీక్ష చూడాలనుకునేది ఆ మొదటి భాగం వచ్చిందో లేదో. పుస్తకం ఇచ్చేస్తే అది తెలుసుకునే దారి పోతుంది.’

చదివితే అర నిమిషం పైచిలుకు. ఇందులో గొప్ప పదాలు ఏమీ లేవు. మీరు గమనించాల్సింది రెండో వాక్యం చివరి మాట, ‘ఒప్పుకుంటాను’ అన్నది. పోటీల్లో ఆ మాట వినడం అరుదు. ఎదుటివారు సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నా ఖండించాల్సిందేనని చాలామంది పట్టుదల. నిజాన్ని కాదంటే న్యాయనిర్ణేత మీ మిగతా మాటలను కూడా అనుమానంగానే వింటారు. నిజమైన ముక్కను ఒప్పేసుకుని, దాని నుంచి వాళ్లు లాగిన ముగింపు మీద పడండి. మీరు పైలట్ల సంగతి ఎత్తగానే ‘వాళ్లు పట్టికలు చూస్తారు కదా’ అని అవతలివాళ్లు లేవబోతారు. అందుకే ఆ మాట మీరే ముందు అనేయాలి.

ఖండన ప్రతిసారీ ఒకే రకంగా ఉండనక్కర్లేదు. కొన్నిసార్లు వాళ్లు చెప్పిన విషయమే తప్పు కావచ్చు. కొన్నిసార్లు విషయం ఒప్పే, కానీ వాళ్లు అన్న ఫలితం దాని నుంచి రాదు. ఇంకొన్నిసార్లు రెండూ ఒప్పే, కానీ అంతకంటే బరువైన సంగతి మీవైపు ఉంటుంది. ఎడమవైపు రాసుకున్న ప్రతిదానికీ ఈ మూడింటిలో ఏది సరిపోతుందో చూసి కుడివైపు ఒక్క పదం రాసుకోండి: ‘తప్పు’, ‘రాదు’, ‘బరువు’. లేచి నిలబడ్డాక ఆ పదం చాలు. అన్నిటికీ జవాబు చెప్పాలని ఆరాటపడకండి. సభకు బాగా ఎక్కిన రెండు మాటలను ఎంచుకుని వాటి అంతు చూడండి, మిగతావి పోనివ్వండి.

వ్యతిరేక పక్షం వాళ్లకు ఒక వల ఉంటుంది. వద్దు వద్దంటూనే సమయమంతా గడిపేస్తారు. తనకంటూ ఒక పక్షం నిలబెట్టకుండా ఎదుటివారిది పడగొట్టడమే పనిగా పెట్టుకున్న వాదాన్నే గౌతముడి తర్కశాస్త్రం వితండం అంది. పుస్తకం వద్దు, సరే. మరి ఇప్పటి పరీక్షల్లో లోపమే లేదంటారా? ఉంటే దాన్ని ఎలా సరిచేస్తారు? దీనికి మీ దగ్గర ఒక నిర్దిష్టమైన జవాబు ఉండాలి. ఆ జవాబు లేనివాళ్లను మంచి ప్రత్యర్థి మొదటి ప్రశ్నతోనే పట్టేస్తాడు.

గొంతు చిన్నదన్నారు. మైకు ఉన్నచోట అది లెక్కలోకి రాదు. తెలుగులో మాట్లాడేవాళ్లకు అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. అవునో కాదో తేలేది కూడా అక్కడే. ‘ఈ పద్ధతిని వచ్చే ఏడాది నుంచి అన్ని కళాశాలల్లోనూ అమలు చేయ...’ అనేదాకా మీరు ఎటువైపో వినేవారికి తెలియదు. ‘చేయాలి’ అన్నారా, ‘చేయకూడదు’ అన్నారా? సరిగ్గా అక్కడికి వచ్చేసరికే ఊపిరి అయిపోతుంది, స్వరం దిగిపోతుంది, ఆఖరి రెండు అక్షరాలు గొంతులోనే ఉండిపోతాయి. మూడో వరసలో కూర్చున్నవారికి మీ వాక్యంలో విశేషణాలన్నీ వినిపించి, అభిప్రాయం మాత్రం వినిపించదు. నాకు తెలిసినంతలో తెలుగు వక్తల్లో ఇంత విస్తారంగా ఉండి, ఇంత తక్కువగా ఎవరూ పట్టించుకోని లోపం మరొకటి లేదు. మీరు ఫోన్‌ను గది అవతలి మూలన పెట్టి రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకోండి. వినేటప్పుడు ప్రతి వాక్యంలో చివరి పదాన్ని మాత్రం పట్టుకోండి. వినిపించని చోటల్లా వాక్యాన్ని రెండు ముక్కలు చేయండి. గొంతు పెంచనవసరం లేదు. వాక్యం పొట్టిదైతే ఊపిరి దానంతటదే చివరిదాకా సరిపోతుంది.

వణుకు సంగతి. అది మీ ఒక్కరి జబ్బు కాదు. ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, నోట్లో తడి తగ్గుతుంది, గొంతు కండరాలు బిగుసుకుంటాయి. ఎన్నో ఏళ్లుగా మాట్లాడుతున్నవాళ్లకూ ఇది ఉంటుంది. అది బయటికి ఎంత కనిపిస్తుందన్న అంచనాలోనే చాలామంది పొరబడతారు. కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. మాట్లాడేవాళ్లు తమ కంగారు అందరికీ కనిపించిపోతోందని అనుకున్నారు. వినేవాళ్లకు అంత కనిపించలేదు. ఈ సంగతిని ముందే కొందరికి చెప్పి మాట్లాడిస్తే వాళ్లు మిగతావారికంటే మెరుగ్గా మాట్లాడారు. మీ న్యాయనిర్ణేత కూడా ‘చక్కగా మాట్లాడావు’ అనే అన్నారు, గమనించారా? మీకు అంత భయంకరంగా తోచిన వణుకు ఆయన లెక్కలోకే రాలేదు. లేవబోయే ముందు ఊపిరి పీల్చడం కంటే వదలడం మీద దృష్టి పెట్టండి. నెమ్మదిగా, పూర్తిగా వదలండి. గుక్కెడు నీళ్లు తాగండి. అంతకుమించి దీని గురించి ఆలోచించకండి. ఆలోచించేకొద్దీ పెరిగేది అదొక్కటే.

మూడు వారాలు తక్కువేమీ కాదు. మీ జట్టు భాగస్వామిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. మొదటి వారమంతా మీరు సొంత వాదన ఏదీ చెప్పవద్దు. ఆమె ఒక నిమిషం ఏదో ఒక అంశం మీద వాదిస్తుంది, మీరు దాన్ని రెండు వాక్యాల్లో తిరిగి చెబుతారు. ‘అవును, నేనన్నది ఇదే’ అని ఆమె అనేదాకా వదలకూడదు. వినడానికి తేలికగా ఉంటుంది. మొదటి రోజే తెలుస్తుంది, మనం ఎదుటివారు అన్నదాన్ని కాకుండా వాళ్లు అంటే మనకు అనుకూలంగా ఉండేదాన్ని చెబుతుంటామని. ఆ అలవాటు పోయాక జవాబు చేర్చండి, అర నిమిషానికి మించకుండా. ఆఖరి వారంలో పక్షం ఏదో మాట్లాడబోయే ముందు చీటీ వేసి తేల్చుకోండి. ఏ రోజైనా ఒంటరిగా ఉంటే పత్రిక సంపాదకీయంలో ఒక పేరా పైకి చదివి, పత్రిక మూసి, దాని సారం ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే దానికి ఎదురు వాదించండి. మీకు నచ్చిన సంపాదకీయాన్ని ఎంచుకుంటేనే ఈ సాధన వల్ల లాభం.

కంఠస్థం పూర్తిగా మానేయమనడం లేదు. మొదటి వాక్యం, చివరి వాక్యం నోటికి వచ్చి ఉండాలి. మధ్యలో మీ వాదాంశాలు మూడు, ఒక్కొక్కటి ఒక్క పంక్తిగా, అరచేతిలో పట్టే అట్టముక్క మీద ఉంటే చాలు. నాలుగు నిమిషాల్లో ఒకటిన్నర నిమిషం ఎదుటివారికి జవాబు చెప్పడానికి ఖాళీగా ఉంచుకోండి. ఆ సమయం ఎక్కడి నుంచి వస్తుందంటారా? ‘వేదికను అలంకరించిన పెద్దలకు, గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు, నా తోటి వక్తలకు, శ్రోతలకు’ అంటూ సాగే వందనాల దండకాన్ని ‘అందరికీ నమస్కారం’ దగ్గర ఆపేయండి. ఎవరన్నారో, ఎప్పుడన్నారో తెలియని మహనీయుల సూక్తులను తీసేయండి. అక్కడే దాదాపు నిమిషం మిగులుతుంది.

వేదిక మీద నిజంగా ఏమీ తోచని క్షణం మళ్లీ రావచ్చు. అప్పుడు ఎదుటివారి మాటను నిదానంగా, నిజాయితీగా తిరిగి చెప్పడం మొదలుపెట్టండి. సాధారణంగా ఆ వాక్యం పూర్తయ్యేలోపే ఎక్కడ అతుకు సరిగా లేదో కనిపిస్తుంది. కనిపించకపోతే ‘ఈ మాటకు వాళ్లు ఆధారం చూపలేదు’ అనండి, చూపలేదన్నది నిజమైతేనే. అదీ కుదరకపోతే ‘ఆ మాటలో బలం ఉంది, కానీ మా పక్షాన ఇంతకంటే ముఖ్యమైనది ఒకటుంది’ అని మీ అట్టముక్కలో ఉన్న బలమైన అంశానికి వచ్చేయండి. మధ్యలో రెండు మూడు సెకన్లు నిశ్శబ్దంగా ఉన్నా ఫరవాలేదు. మీకు యుగంలా అనిపించే ఆ విరామాన్ని సభ ఆలోచన అనుకుంటుంది.

మొదటి వక్తా, రెండో వక్తా అని అడుగుతున్నారు కదా. మీ పాత అలవాటు చూస్తే మొదటి స్థానమే సుఖం. ముందుగా తయారుచేసుకున్న వాదనను నిలబెట్టడం ప్రధానంగా మొదటి వక్త పని, అది మీకు వచ్చు. అయినా రెండో స్థానాన్ని అడిగి తీసుకోండి. అప్పటికి అవతలివాళ్లు మాట్లాడి ఉంటారు, మీ కాగితంలో ఎడమవైపు నిండి ఉంటుంది. మీ భాగస్వామికి మొదటి స్థానం ఇష్టమైతే సరే. కాకపోతే ఈ పోటీకి మీరు రెండో వక్త, తర్వాతి పోటీకి ఆమె అని ఇప్పుడే మాట్లాడుకోండి. ఆమె మాట్లాడి వచ్చి కూర్చున్నాక మీ పక్కనే ఉంటుంది కాబట్టి, మీరు వింటూ వదిలేసినవి తన కాగితంలో ఉంటే చూపించమనండి. కాగితాలు చూసుకోవడానికి, తమలో తాము గుసగుసగా మాట్లాడుకోవడానికి నిబంధనలు ఎంతవరకు ఒప్పుకుంటాయో నిర్వాహకులను ఈ వారంలోనే అడిగి ఉంచుకోండి.